ఏ2 లైసెన్స్ వచ్చాక సెకండ్ హ్యాండ్ బైక్ ఎంచుకోవడం: బ్రిటన్‌లోని మనవాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

బైక్ లైసెన్స్‌కు ఆఖరి రోడ్డు పరీక్ష అయిన మాడ్యూల్ 2 పాసైన రోజు సాయంత్రానికే చాలామంది అమ్మకాల సైట్లు తెరిచి కూర్చుంటారు. మర్నాటి నుంచి ఫొటోలు పంపి అడుగుతుంటారు: “ఈ బండి బాగుందా? ఈ రేటుకు తీసుకోవచ్చా?” ఫొటో చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. అందుకే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ఏ2 లైసెన్స్ తీసుకున్నవాళ్ళకు. ఏ2 అంటే 19 ఏళ్ళు నిండినవాళ్ళకు ఇచ్చే పరిమిత లైసెన్స్. మీకు 24 నిండితే నేరుగా పూర్తి ఏ లైసెన్స్ పరీక్షకే వెళ్ళవచ్చు. ఏ2 తీసుకుని రెండేళ్ళు గడిచి 21 నిండినా వెళ్ళవచ్చు, కాకపోతే ప్రాక్టికల్ పరీక్షలు మళ్ళీ పాసవ్వాలి. 23 దాటి, కొద్ది నెలల్లో 24 వచ్చేవాళ్ళు కొనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

వరుస ఇది: లైసెన్స్ హద్దు, ఇన్సూరెన్స్, కాగితాలు, చల్లటి ఇంజిన్, టెస్ట్ రైడ్, డబ్బు. మొదటి మూడూ ఇంట్లో కూర్చుని, దాదాపు ఖర్చు లేకుండా అయ్యే పనులు. పనికిరాని బండ్లలో ఎక్కువ భాగం అక్కడే ఏరివేయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు బండి నచ్చుతుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కొటేషన్ చూసి తల పట్టుకుంటారు.

## 1. ముందు మీ లైసెన్స్ హద్దు లెక్కగట్టండి

ఏ2కు మూడు షరతులున్నాయి. మూడూ ఒకేసారి నెరవేరాలి.

- పవర్ 35 కిలోవాట్లు మించకూడదు. ప్రకటనల్లో దీన్నే 47 బీహెచ్‌పీ అని రాస్తారు.
- కిలో బరువుకు 0.2 కిలోవాట్ మించకూడదు. అంటే పూర్తి 35 కిలోవాట్ల బండి కనీసం 175 కిలోలు ఉండాలి.
- పవర్ తగ్గించిన బండి అయితే, దాని అసలు పవర్ తగ్గించాక ఉన్న పవర్‌కు రెట్టింపు దాటకూడదు. 35కి తగ్గించిన బండి అసలు 70 కిలోవాట్ల లోపుదై ఉండాలి.

ఇక్కడ సీసీతో పని లేదు. మన దగ్గర 150, 220, 350 అని సీసీతో మాట్లాడుకోవడం అలవాటు కాబట్టి చాలామంది “500 సీసీ వరకు నడపొచ్చు” అనుకుంటారు. అలాంటి హద్దేమీ లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 సుమారు 47 బీహెచ్‌పీ, రెండు వందల కిలోల పైన బరువు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఏ2కు సరిపోతుంది.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. కవాసాకీ నింజా 400 పవర్ 33.4 కిలోవాట్లు, బరువు 168 కిలోలు. భాగిస్తే 0.199 దగ్గర వస్తుంది. సరిపోయింది, కానీ అంచున సరిపోయింది.

ఇక బండ్లు రెండు రకాలు.

పుట్టుకతోనే ఏ2 లోపు ఉన్నవి. హోండా సీబీ500ఎఫ్, సీబీ500ఎక్స్, కవాసాకీ నింజా 400, యమహా ఎంటీ-03, కేటీఎం 390 డ్యూక్, ట్రయంఫ్ స్పీడ్ 400, ఎన్‌ఫీల్డ్ 650లు, హిమాలయన్. వీటిలో కేటీఎం 390, ట్రయంఫ్ 400 పుణె దగ్గర బజాజ్ ఫ్యాక్టరీలో తయారైనవే, ఎన్‌ఫీల్డ్‌లు చెన్నై చుట్టుపక్కల తయారైనవే. ఇండియాలో వీటిని నడిపిన అనుభవం ఉంటే అది ఇక్కడా పనికొస్తుంది.

పవర్ తగ్గించి నడపాల్సినవి. యమహా ఎంటీ-07, సుజుకీ ఎస్‌వీ650, కవాసాకీ జడ్650 లాంటివి. ఎంటీ-07 అసలు పవర్ 55 కిలోవాట్ల దగ్గర ఉంటుంది, కాబట్టి రిస్ట్రిక్టర్ పెట్టి 35కి దించవచ్చు. ఎంటీ-09 కుదరదు, దాని అసలు పవర్ 80 కిలోవాట్ల పైనే.

మొదటి బండిగా నేను మొదటి రకాన్నే సూచిస్తాను. రిస్ట్రిక్టర్ సర్టిఫికెట్ తలనొప్పి ఉండదు, ఇన్సూరెన్స్‌లో వివరణలు ఉండవు, తిరిగి అమ్మేటప్పుడు ఏ2 వాళ్ళందరూ కొనేవాళ్ళే. పూర్తి లైసెన్స్ వచ్చాక కూడా అదే బండి ఉంచుకోవాలని ముందే నిశ్చయించుకున్నవాళ్ళకు మాత్రం రెండో రకం సబబు.

### ఇక్కడ దొర్లే తప్పులు

పాత 33 బీహెచ్‌పీ సర్టిఫికెట్. 2013 జనవరి 19కి ముందు పరిమిత లైసెన్స్ హద్దు 33 బీహెచ్‌పీ. అప్పట్లో అసలు పవర్ ఎంతున్నా తగ్గించి నడపవచ్చు. అందుకే పాత 600 సీసీ స్పోర్ట్స్ బైకులు కొన్ని “రిస్ట్రిక్టెడ్, సర్టిఫికెట్ ఉంది” అంటూ ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. సర్టిఫికెట్ నిజమైనదే కావచ్చు, కానీ ‘రెట్టింపు’ షరతు దగ్గర బండి నిలవదు. 33 బీహెచ్‌పీ అంటే సుమారు 25 కిలోవాట్లు. దాని అసలు పవర్ 50 దాటకూడదు.

“ఇది ఏ2 బండే” అన్న అమ్మేవాడి మాట. ఆయనకు తెలియకపోవచ్చు. బండి రిజిస్ట్రేషన్ కాగితమైన వి5సిలో, పి.2 గడిలో పవర్, క్యూ గడిలో బరువుకూ పవర్‌కూ ఉన్న నిష్పత్తి రాసి ఉంటాయి. ఖాళీగా ఉంటే కంపెనీ మాన్యువల్‌లో ఆ సంవత్సరం మోడల్ అంకెలు చూడండి. ఒకే పేరుతో వేర్వేరు సంవత్సరాల్లో పవర్ మారిన బండ్లున్నాయి.

హద్దు దాటిన బండి నడిపితే లైసెన్స్‌కు లోబడి నడపనట్టే. దాంతో ఇన్సూరెన్స్ కూడా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్స్‌పై 6 పాయింట్లు. మొదటి పూర్తి లైసెన్స్ వచ్చిన రెండేళ్ళలోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దవుతుంది. మళ్ళీ ప్రొవిజనల్ నుంచి మొదలుపెట్టాలి. ఇంత కష్టపడి పాసైన పరీక్ష ఒక్క సాయంత్రం రైడ్‌తో పోగొట్టుకోకండి.

## 2. బండి కంటే ముందు ఇన్సూరెన్స్ కొటేషన్

నచ్చిన మోడళ్ళు మూడో నాలుగో రాసుకోండి. ప్రకటనల్లో కనిపించే నంబర్ ప్లేట్ తీసుకుని ధరలు పోల్చే సైట్లలో మీ వివరాలతో కొటేషన్ తెప్పించండి. ఒకే ధర పలికే రెండు బండ్లకు ఇన్సూరెన్స్‌లో ఊహించనంత తేడా ఉండవచ్చు.

ఫారం నింపేటప్పుడు ఇవి నిజంగానే రాయండి:

- రాత్రి బండి ఎక్కడ ఉంటుంది. వీధిలోనా, తాళం వేసిన గ్యారేజీలోనా.
- మీరు నిజంగా ఉంటున్న పోస్ట్‌కోడ్. వేరే ఊళ్ళో ఉన్న బంధువుల అడ్రస్ పెడితే చవక వస్తుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. క్లెయిమ్ రోజున ఆ సలహా మిమ్మల్ని కాపాడదు.
- కంపెనీది కాని సైలెన్సర్, మార్చిన హ్యాండిల్, రిస్ట్రిక్టర్. అన్నీ చెప్పాలి.
- బ్రిటన్ లైసెన్స్ ఎప్పుడు వచ్చింది. ఇండియాలో పదేళ్ళు నడిపినా చాలా కంపెనీలు ఇక్కడి లైసెన్స్ తేదీనే లెక్కలోకి తీసుకుంటాయి.

ఫుడ్ డెలివరీ ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక మాట. రోజువారీ ప్రయాణాల పాలసీ డెలివరీకి వర్తించదు, దానికి వేరే పాలసీ కావాలి. అంతకంటే ముఖ్యం, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి లేదు. డెలివరీ యాప్‌ల పని సాధారణంగా స్వయం ఉపాధి కిందకే వస్తుంది. వేరేవాళ్ళ అకౌంట్ అద్దెకు తీసుకుని నడిపే దారి వీసాకే ఎసరు పెడుతుంది. ఆ సంపాదన లెక్కలో పెట్టుకుని బండి బడ్జెట్ వేసుకోవద్దు.

### బడ్జెట్ ఎలా విడదీయాలి

చేతిలో ఉన్న మొత్తంలోంచి ముందు ఇవి తీసేయండి. మిగిలినదే బండి ధర.

- మొదటి ఏడాది ఇన్సూరెన్స్
- హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లు
- మంచి గొలుసు తాళం, తాళాలను పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ రేటింగ్ ఉన్నది
- రోడ్డు ట్యాక్స్
- కొన్న వెంటనే చేయించే సర్వీసింగ్
- టైర్లకూ చైన్ సెట్‌కూ పక్కన పెట్టిన డబ్బు

ఆఖరిదాన్ని చాలామంది మరిచిపోతారు. రెండు టైర్లు, చైన్ సెట్ ఒకేసారి మార్చాల్సి వస్తే కొన్ని వందల పౌండ్లు ఖర్చు.

కాలం చూసి కొంటే కొంత మిగులుతుంది. ఎండలు రాగానే అందరికీ బండి కావాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొనేవాళ్ళు తక్కువ, బేరం మీ చేతిలో ఉంటుంది.

## 3. ఇంట్లో కూర్చునే కాగితాలు తిరగేయండి

నంబర్ ప్లేట్ దొరికితే చాలు, ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా రెండు చూడవచ్చు: బండి ట్యాక్స్, ఎంఓటీ స్థితి ఒకటి, ఎంఓటీ చరిత్ర రెండోది. మూడేళ్ళు దాటిన బండికి ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే పరీక్ష, తప్పనిసరి.

ఎంఓటీ చరిత్రను పాస్, ఫెయిల్ అన్నంతవరకే చూసి వదిలేయకండి. అందులో బండి జీవితమంతా ఉంటుంది.

- మైలేజీ వరుస, అంటే మీటర్‌లో తిరిగిన మైళ్ళు. ఏటేటా పెరుగుతూ రావాలి. మధ్యలో తగ్గితే మీటర్ మార్చారన్నమాట. కారణం ఉండవచ్చు, బిల్లు చూపించమనండి.
- ఖాళీ సంవత్సరాలు. రెండేళ్ళు ఎంఓటీ లేదంటే బండి మూలన పడి ఉంది. పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు, గట్టిపడిన టైర్లు, పట్టేసిన బ్రేకులు ఉంటాయేమో చూడాలి.
- హెచ్చరికలు. పాసైనా కూడా పరీక్షించినవాళ్ళు రాసే గమనికలివి. “వెనక టైరు అరిగే దశలో ఉంది”, “ఫోర్క్ గొట్టంపై తుప్పు గుంటలు” లాంటివి. ఒకే హెచ్చరిక మూడేళ్ళు వరుసగా కనిపిస్తే ఓనర్ బండిని ఎలా చూసుకున్నాడో అదే చెబుతుంది.

ఆ తర్వాత కొద్ది పౌండ్లు పెట్టి ప్రైవేటు హిస్టరీ చెక్ తీయండి. బండి మీద ఫైనాన్స్ బాకీ ఉందా, దొంగిలించినట్టు నమోదైందా, ఇన్సూరెన్స్ కంపెనీ రైట్-ఆఫ్ చేసిందా, అంటే బాగుచేయించడం గిట్టదని పక్కన పెట్టిందా అన్నవి అందులో తేలతాయి. ఫైనాన్స్ బాకీ ఉన్న బండిని కొంటే కంపెనీ వచ్చి తీసుకుపోవచ్చు.

రైట్-ఆఫ్‌లలో 2017 అక్టోబరు నుంచి ‘ఎస్’ అంటే ఫ్రేమ్ లాంటి నిర్మాణ భాగాలు దెబ్బతిన్నవి, ‘ఎన్’ అంటే అవి కాక మిగతావి దెబ్బతిన్నవి. ‘ఏ’, ‘బి’ రోడ్డెక్కనే కూడదు. మొదటి బండిగా ‘ఎస్’ వద్దు. ‘ఎన్’ బండి చవగ్గా వస్తుంది, కానీ కొన్ని కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వవు, మళ్ళీ అమ్మేటప్పుడు మీరూ అంతే తగ్గించి అమ్మాలి.

### తెలిసినవాళ్ళ దగ్గర కొంటున్నా ఇదే పద్ధతి

మన వాట్సాప్ గ్రూపుల్లో “ఇండియా వెళ్ళిపోతున్నాను, బండి ఇచ్చేస్తాను” అన్న పోస్టులు తరచూ వస్తాయి. మంచి బండ్లు దొరికే చోటే అది. అయితే “మన తమ్ముడే కదా” అని హిస్టరీ చెక్ మానేయవద్దు. ఆ తమ్ముడికి ముందు అమ్మినవాడు మోసం చేసి ఉండవచ్చు, సంగతి అతనికే తెలియకపోవచ్చు. పైగా అమ్మినవాళ్ళు విమానం ఎక్కేశాక ఒక సంతకం మిగిలిపోయిందని తెలిస్తే చేయగలిగేది తక్కువ.

## 4. వెళ్ళే ముందు ఒక ఫోన్

“బైక్ ప్రకటన చూసి చేస్తున్నాను” అని మాత్రమే అనండి. ఏ బండో చెప్పకండి. “ఏ బైక్ గురించి?” అని ఎదురు ప్రశ్న వస్తే ఆయన చాలా బండ్లు అమ్మే వ్యాపారి అయ్యుండవచ్చు. వ్యాపారి దగ్గర కొంటే మీకు చట్టపరమైన హక్కులు ఎక్కువ కాబట్టి, వ్యక్తిగా నటించి అమ్మేవాళ్ళ జోలికి పోవద్దు.

తర్వాత ఇవి అడగండి:

- వి5సి మీ పేరు మీద, మీ ఇంటి అడ్రస్‌తో ఉందా?
- ఎన్ని తాళం చెవులున్నాయి? కొన్ని యమహా బండ్లకు ఎర్ర మాస్టర్ కీ ఉంటుంది, అది పోతే కొత్త చెవులు చేయించడం కష్టం.
- ఎప్పుడైనా పడిందా?
- ఆఖరి సర్వీసింగ్ ఎప్పుడు, బిల్లులున్నాయా?
- రిస్ట్రిక్టర్ ఉంటే ఎవరు బిగించారు, సర్టిఫికెట్ ఉందా?
- ఎందుకు అమ్ముతున్నారు?

చివరగా ఒక కోరిక: “నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.” దీనికి ఒప్పుకోకపోతే కారణం అడగండి.

సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో కలుద్దామంటే వద్దనండి. వి5సిలో ఉన్న అడ్రస్‌లోనే, పగటి పూట, వాన లేనప్పుడు చూడాలి. తడి బండి మీద గీతలూ ఆయిల్ లీకులూ కనిపించవు.

## 5. బండి దగ్గర: ముందు నంబర్లు, తర్వాత ఇనుము

తీసుకెళ్ళాల్సినవి: టార్చ్, గ్లౌజులు, పాత గుడ్డ, చిన్న మల్టీమీటర్, ఎంఓటీ చరిత్ర ప్రింట్, వీలైతే బండ్లు తెలిసిన స్నేహితుడు. మీరు మురిసిపోతుంటే ఆయన వంగి చూస్తాడు.

### కాగితాలూ నంబర్లూ

ఫ్రేమ్ మీద, సాధారణంగా హ్యాండిల్ కింద మెడ దగ్గర, వీఐఎన్ నంబర్ గుద్ది ఉంటుంది. అది వి5సిలో ఉన్నదానితో అక్షరం అక్షరం కలవాలి. ఇంజిన్ నంబర్ కూడా అంతే. గీకిన గుర్తులుంటే, మళ్ళీ గుద్దినట్టు ఉంటే వచ్చిన దారినే తిరిగి వెళ్ళండి. బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ ఇచ్చే ఈ వి5సిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ‘డీవీఎల్’ అన్న వాటర్‌మార్క్ కనపడాలి.

మన ఆర్సీ బుక్‌కూ దీనికీ ఒక తేడా ఉంది. వి5సిలో ఉండేది రిజిస్టర్డ్ కీపర్ పేరు, అంటే బండికి బాధ్యత వహించేవాళ్ళ పేరు. అది యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. అందుకే అమ్మేవాళ్ళు కొన్నప్పటి బిల్లు కూడా అడగండి.

### చల్లటి ఇంజిన్

చేతి వెనక వైపుతో ఇంజిన్ దగ్గర ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించే బండినీ, మొదట వచ్చే శబ్దాన్నీ, పొగనూ దాచడానికి ఇదే మార్గం.

స్టార్ట్ చేయక ముందే ఆయిల్ కిటికీ చూడండి. నల్లగా ఉంటే సర్వీసింగ్ బాకీ, అది పెద్ద విషయం కాదు. పాలు కలిపిన టీలా ఉంటే ఆయిల్‌లో నీరు చేరింది. దగ్గర దగ్గర ప్రయాణాలే చేసిన బండ్లలో కొద్దిగా తెల్లటి జిడ్డు కనిపించడం ఉంది, కానీ నీళ్ళతో చల్లబడే ఇంజిన్‌లో అది కూలెంట్ లీకు కూడా కావచ్చు. ఏది నిజమో అక్కడ నిలబడి తేల్చలేరు, వదిలేయండి.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. పొగ చూడండి:

- చలి రోజున మొదట్లో వచ్చి మాయమయ్యే తెల్లటి ఆవిరి మామూలే.
- ఇంజిన్ వేడెక్కినా తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్ కాలుతోంది.
- నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది.
- నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది.

మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టండి. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, కాస్త రేస్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. పెరగకపోతే చార్జింగ్ వ్యవస్థలో లోపం. “బ్యాటరీ మారిస్తే సరిపోతుంది” అంటారు, సరిపోదు.

### తుప్పు: ఇండియాలో చూసిన కన్ను ఇక్కడ చాలదు

దీని మీద కాస్త ఎక్కువసేపు గడపండి. ఇక్కడ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు బండి కింద భాగమంతా చేరతాయి. హైదరాబాద్ ఎండలో పదేళ్ళు నిలిచిన బండికి రంగు వెలుస్తుంది. ఇక్కడ రెండు చలికాలాలు కడగకుండా నడిపిన బండికి బోల్టులే పట్టేస్తాయి.

మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్ వేసి చూడండి:

- ముందు ఫోర్క్ గొట్టాలు. మెరిసే భాగం మీద వేలు నడపండి. గుంటలు తగిలితే అవి సీళ్ళను కోసేస్తాయి. చుట్టూ ఆయిల్ వలయం కనిపిస్తే సీలు పోయింది. సీళ్ళు మార్చడం మామూలు ఖర్చే, గొట్టాలు మార్చడం పెద్ద ఖర్చు.
- ఇంజిన్ ముందు నుంచి దిగే సైలెన్సర్ పైపులు. పైపైన ఎర్రబడటం వేరు, పొరలుగా ఊడటం వేరు. అతుకుల దగ్గర, ఇంజిన్‌కు కలిసే బోల్టుల దగ్గర చూడండి.
- బ్రేక్ క్యాలిపర్లు. బండిని స్టాండు మీద లేపి చక్రం తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బ్రేక్ నొక్కి వదిలాక కూడా పట్టుకునే ఉంటే పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నాయి.
- రేడియేటర్ రెక్కలు. ముట్టుకుంటే రాలిపోతున్నాయా?
- వెనక షాక్ లింకులు, సైడ్ స్టాండ్ బోల్టు. ఉప్పు దాక్కునే చోట్లివి.

పైన మెరుస్తూ కింద ఇలా ఉన్న బండి అమ్మకం కోసం కడిగిన బండి.

### పడిన గుర్తులు

హ్యాండిల్ చివర్లు, లివర్ల కొసలు, ఫుట్‌రెస్ట్ అంచులు, అద్దాల వెనక, ఇంజిన్ కవర్లు చూడండి. ఒకవైపు లివర్ కొత్తది, రెండోది పాతది అయితే ఎందుకని అడగండి. నిలబడి ఉండగా పక్కకు ఒరిగిన బండికి ఇవి మామూలే, ధర తగ్గించుకుని కొనవచ్చు.

హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పండి. అక్కడ ఫ్రేమ్‌కు ఆనే చిన్న ఆపు ఉంటుంది. అది నలిగినా విరిగినా బండి గట్టిగా గుద్దుకుంది. ఆ బండి వద్దు.

ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకు కదపండి. మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు అనిపిస్తే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగ్, పోయింది. బాగు చేయించవచ్చు, కానీ పని కూలీ ఎక్కువ.

### చైన్, టైర్లు, డిస్కులు

వెనక స్ప్రాకెట్ మధ్య భాగంలో చైన్ పట్టుకుని వెనక్కు లాగండి. పళ్ళ మీంచి లేచి వస్తే చైన్ సాగింది. స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపు వంగి కొక్కేల్లా కనిపిస్తే మొత్తం సెట్ మార్చాలి. చక్రం తిప్పుతూ చైన్ ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉందేమో గమనించండి.

టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి నిండుగా ఉన్నా ఏడెనిమిదేళ్ళ టైరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. చట్టప్రకారం టైరు వెడల్పులో ముప్పావు వంతు మేర కనీసం 1 మిల్లీమీటర్ గాడి ఉండాలి. అది చివరి హద్దు, మంచి టైరుకు గుర్తు కాదు.

డిస్క్ మీద కనీస మందం అంకె గుద్ది ఉంటుంది. అంచున గట్టులా తగిలితే అరిగింది.

## 6. రిస్ట్రిక్టర్ ఉన్న బండికి అదనపు పరీక్ష

సర్టిఫికెట్ మీద మూడు ఉండాలి: బండి నంబర్ లేదా వీఐఎన్, తగ్గించాక పవర్, బిగించినవాళ్ళ పేరు. ఆ గ్యారేజీకి ఫోన్ చేసి ధ్రువీకరించుకోండి.

రిస్ట్రిక్టర్ కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకోకుండా ఆపే చిన్న ముక్క, కొన్నింట్లో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలో మార్పు. ముక్క అయితే తీసేసి సర్టిఫికెట్ మాత్రం ఉంచుకునే వీలుంది. అందుకే కొన్న వారంలోనే గ్యారేజీలో చూపించి, ఉందని రాయించుకోండి.

“ఇప్పుడు ఫుల్ పవర్‌లో ఉంది, కొన్నాక మీరు తగ్గించుకోండి” అనే బండ్లూ ఉంటాయి. అలాంటి బండిని మీరు టెస్ట్ రైడ్ చేయకూడదు, ఇంటికి నడుపుకుని రాకూడదు. వ్యాన్‌లో తెచ్చి, కిట్ బిగించాకే ఎక్కాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయమే.

## 7. టెస్ట్ రైడ్

మీకు ఆ బండి మీద ఇన్సూరెన్స్ ఉంటేనే. డీలర్ల దగ్గర వాళ్ళ పాలసీ ఉంటుంది, అడిగి నిర్ధారించుకోండి. వ్యక్తుల దగ్గరైతే వాళ్ళ పాలసీ సాధారణంగా మీకు వర్తించదు. కొన్ని కంపెనీలు ఒక్కరోజు ఇన్సూరెన్స్ ఇస్తాయి, వయసు షరతులు చూసుకోండి. అమ్మేవాళ్ళు పూర్తి డబ్బు చేతిలో పెట్టమని అడగవచ్చు. అది అనుమానించాల్సిన విషయం కాదు, బండితో పారిపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతారు.

పదిహేను నిమిషాలు చాలు:

- ఖాళీ రోడ్డు మీద నిదానంగా వెళ్తూ హ్యాండిల్ పట్టు కాస్త వదులు చేయండి. బండి ఒకవైపు లాగకూడదు.
- అన్ని గేర్లూ పైకీ కిందకీ వేయండి. రెండో గేర్‌లో గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు గేర్ జారిపోతే బండి వద్దు, ఇంజిన్ విప్పాల్సిన పని అది.
- పై గేర్‌లో ఒక్కసారిగా రేస్ ఇవ్వండి. ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి.
- ముందు బ్రేక్ నొక్కినప్పుడు లివర్ కొట్టుకుంటున్నట్టు ఉంటే డిస్క్ వంగింది.
- ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయండి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా వినండి.

టెస్ట్ రైడ్ కుదరకపోతే ఓనర్‌ను నడపమని మీరు పక్కన నిలబడి వినండి, చూడండి. ఎక్కువ ధర బండి అయితే డబ్బిచ్చి మెకానిక్‌తో తనిఖీ చేయించండి.

ఆ సీటు మీద కూర్చున్నప్పుడే ఇంకొకటి తేల్చుకోండి: రెండు పాదాలూ నేలకు ధీమాగా ఆనుతున్నాయా, బండిని తోసుకుంటూ వెనక్కు తిప్పగలరా? రోజూ పార్కింగ్‌లో చేసే పని అదే.

## 8. బేరం, డబ్బు, బదిలీ

దొరికిన లోపాలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి ఖర్చు చెప్పి బేరమాడండి. “టైర్లు 2017వి, చైన్ సెట్ అయిపోయింది, ఈ రెండింటి ఖర్చు తగ్గించండి” అంటే మాటకు బలం ఉంటుంది. “స్టూడెంట్‌ని, కాస్త తగ్గించండి” అంటే ఉండదు.

డబ్బు బ్యాంక్ బదిలీతో, బండీ వి5సీ కళ్ళముందు ఉండగానే ఇవ్వండి. అకౌంట్ పేరు వి5సి పేరుతో కలవాలి. చూడకముందు అడ్వాన్స్ ఎవరికీ పంపవద్దు.

రసీదు రెండు కాపీలు: ఇద్దరి పేర్లు, తేదీ, ధర, నంబర్, వీఐఎన్, మైలేజీ, ఇద్దరి సంతకాలు.

అమ్మేవాళ్ళు మీ ఎదుటే డీవీఎల్ఏ సైట్‌లో కీపర్ మార్పు నమోదు చేయాలి. వి5సిలోని కొత్త కీపర్ చీటీ, అంటే వి5సి/2, మీకివ్వాలి. అందులోని 12 అంకెల నంబర్‌తో మీరు అక్కడికక్కడే ఫోన్‌లో రోడ్డు ట్యాక్స్ కట్టవచ్చు. 2014 అక్టోబరు నుంచి పాత ఓనర్ కట్టిన ట్యాక్స్ కొత్తవాళ్ళకు రాదు. “సెప్టెంబరు దాకా ట్యాక్స్ ఉంది” అన్న మాట నమ్మి నడపకండి.

షేర్డ్ ఇళ్ళలో ఉండేవాళ్ళు కొత్త వి5సి ఏ అడ్రస్‌కు వస్తుందో జాగ్రత్తగా ఇవ్వండి. జరిమానా నోటీసులూ అక్కడికే వస్తాయి.

డీలర్ దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, కొన్నప్పుడే లోపం ఉంటే 30 రోజుల్లోపు బండి తిరిగిచ్చి డబ్బు అడగవచ్చు. వ్యక్తి దగ్గర కొంటే ఆ హక్కు లేదు. బండి ప్రకటనలో చెప్పినట్టు ఉండాలి, అమ్మే హక్కు ఆయనకు ఉండాలి, అంతే. కాబట్టి ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

### బండి కదిలే ముందు

- ఇన్సూరెన్స్ మీ పేరు మీద ఇప్పటి నుంచే మొదలైంది
- ట్యాక్స్ కట్టారు
- ఎంఓటీ గడువు ఉంది
- వి5సి/2 చీటీ, రసీదు, అన్ని తాళం చెవులు, బిల్లులు, రిస్ట్రిక్టర్ సర్టిఫికెట్ మీ సంచిలో ఉన్నాయి
- టైర్లలో గాలి, లైట్లు, బ్రేకులు చూశారు

## 9. మొదటి వారం

ఇంటికి వచ్చేటప్పుడు మోటార్‌వే వదిలేసి మామూలు రోడ్డు పట్టండి. ఆ బండి బ్రేకులు, క్లచ్ ఇంకా మీకు అలవాటు కాలేదు.

ఆ వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. బ్రేక్ ఆయిల్ నల్లబడితే అదీ మార్చాలి. చైన్ శుభ్రం చేసి నూనె పెట్టండి. ఓనర్ మాన్యువల్ చూసి వాల్వ్ క్లియరెన్స్ చెక్ ఎన్ని మైళ్ళకు చేయాలో, అది అయినట్టు బిల్లు ఉందో లేదో తేల్చుకోండి. అమ్మేవాళ్ళు చాలామంది సరిగ్గా ఆ ఖర్చు ముందే అమ్ముతారు.

లివర్ల వంపు, అద్దాలు మీకు తగినట్టు సర్దుకోండి. రాత్రి గొలుసును నేల మీద వదలకుండా, కదలని స్తంభానికో గోడ కొక్కేనికో కలిపి ఫ్రేమ్‌కు వేయండి. చక్రానికి మాత్రమే వేస్తే చక్రం వదిలేసి మిగతాది తీసుకుపోతారు.

కొత్త వి5సి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే సాధారణంగా వారం లోపే పోస్ట్‌లో వస్తుంది. 4 వారాలు దాటినా రాకపోతే వి5సి/2 చీటీ దగ్గర పెట్టుకుని డీవీఎల్ఏను సంప్రదించండి.